పాకాల తోట కాణిపాకంలో తేలింది: అక్షాంశ రేఖాంశాలు తలా ఒక రకంగా రాస్తే ఫారంలో ఎట్ల తీసుకోవాల?

మామిడిపూత | తిరుపతి

నమస్తే అందరికీ. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి రైతుల సంఘం ఒకదానికి చిన్న యాప్ రాస్తా ఉన్నాను. కోతలు మొదలైతే ఏ తోటకి ఏ బండి పోవాల, ఎవరి దగ్గర తోతాపురి ఎంత ఉండాది, ఎవరి కాయ ముందు దించాల, ఇదంతా ఇన్నాళ్లూ ఒక మేస్త్రీ నోటి లెక్కలోనూ ఆయన జేబులో పుస్తకంలోనూ నడిచింది. ఇప్పుడు తోటకొక పాయింటు పెట్టి మ్యాప్ మీద చూపించమన్నారు. అదేమంత పని అనుకోని ఫారంలో రెండు బాక్సులు పెట్టినాను, ఒకటి అక్షాంశానికి, ఒకటి రేఖాంశానికి.

వచ్చిన డేటా చూస్తే ఒకరికొకరికి పొంతన లేదు. ఐఫోన్ ఉన్నాయన కంపాస్ యాప్ చూసి 13°37′44″ అని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో పంపినాడు. జీపీఎస్ కెమెరా యాప్‌తో తోట ఫోటో తీసిన వాళ్లు ఫోటో మీద పడిన 13.628812 చూసి రాసినారు. కొందరు వాట్సాప్ లొకేషన్ లింకే తెచ్చి బాక్సులో అంటించినారు. ఒకాయన పాత కాగితం చూసి 13°13′ ఉ, 79°06′ తూ అని తెలుగులో రాసినాడు. ఇంకొకాయన ఎక్సెల్‌లో 13.37.44 అని రెండు చుక్కలతో. ముందర రేఖాంశం, తర్వాత అక్షాంశం రాసిన మహానుభావులు కూడా ఉండారు.

వీటిలో బాక్సు ఒప్పుకోనివి నయం, కనీసం నాకు తెలిసిపోతాయి. భయం ఒప్పుకున్నవాటితోనే. పాకాల పక్క ఒక తోట చూడండి. ఫీల్డు అబ్బాయి చేతిలో పాత హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ ఉండాది. దాని తెర మీద 13° 27.412′, 79° 06.885′ అని వచ్చింది. ఆ పిల్లోడు కాగితం మీద 13.27.412 అని గీక్కున్నాడు. ఆఫీసులో టైపు కొట్టేవాళ్లకి రెండు చుక్కలు పెడితే బాక్సు ఎర్రగా అయింది. ఒక చుక్క పీకేసి 13.27412, 79.06885 అని కొట్టినారు. బాక్సు కిక్కురుమనకుండా తీసుకునింది. కోత రోజు డ్రైవరు ఫోన్‌లో దారి పెట్టుకోని పోతే కాణిపాకం పక్కన తేలినాడు. ఇరవై కిలోమీటర్లు తేడా. ఫోన్ చేసి, "సార్, వినాయకుడి ముందర ప్రమాణం చేయమన్నా చేస్తాను, మీరు చెప్పిన తోట ఈడ లేదు" అన్నాడు. కూలోళ్లు ఆ పూటంతా బండి కోసం చెట్ల కింద కూర్చున్నారు.

నాకు తెలియాల్సింది ఇది. ఒకే బాక్సు పెట్టి ఏది రాసినా తీసుకోవాలా, లేదా డిగ్రీలకొకటి, నిమిషాలకొకటి, సెకన్లకొకటి అని విడగొట్టాలా? డేటాబేస్‌లో ఏ రూపంలో దాచాల? ఇప్పటికే లోపలికి పోయిన వందల తోటల్లో ఏది కరెక్టో ఏది కాదో తోట తోటకీ తిరగకుండా పట్టే దారి ఉందా?


నీలిచుక్క | బెంగళూరు

ఇంత తలనొప్పి ఎందుకు బ్రో? అంకెలు అడగడమే మానేయ్. మ్యాప్ చూపించి పిన్ వేయమను. లేదా బటన్ నొక్కితే ఫోనే లొకేషన్ తీసుకుంటుంది. 2 రోజుల పని.


పల్లెబాట | దామలచెరువు

బెంగళూరు తమ్ముడికి ఒక్కసారి మా ఫీల్డు చూపించాలని ఉంది. నేను తోటలు తిరిగే పనే చేస్తాను. కొండ కింద తోటల్లో సిగ్నల్ ఉండదు, మ్యాప్ తెరిస్తే తెల్ల పేజీ వస్తుంది. వచ్చినా పైనుంచి చూస్తే అన్నీ పచ్చ గుండ్లే, ఏది ఎవరి తోటో రైతే చెప్పలేడు. బటన్ బాగానే ఉంటుంది గానీ అది మనం తోటలో నిలబడి ఉంటేనే. లొకేషన్ పంపు నాయనా అంటే రైతు సాయంత్రం ఇంటికి పోయి మంచం మీద కూర్చోని పంపుతాడు. మా దగ్గర ఒకే వీధిలో పదకొండు తోటలు ఉన్నట్టు మ్యాప్‌లో పడింది ఒకసారి! అదీగాక పాత రిజిస్టర్లలో ఉన్న అంకెల్ని ఎవరైనా ఎక్కించాల్సిందే కదా. అంకెల బాక్సు తప్పదు.

ఇంకోటి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. సగం అంకెలు ఫోన్‌లో నోటితో చెప్పుకుంటాం. నేను తోటలో నుంచి "ఇరవై ఏడు పాయింట్ యాభై రెండు" అంటే ఆఫీసులో పాప 27.52 అని రాసుకుంటుంది. తెర మీద ఉండేది 27.052. ఆ సున్న నోట్లోనే మింగుడు పడిపోతుంది. నిమిషాల్లో అయితే దానికే ముప్పాతిక కిలోమీటరు పైన జరుగుతుంది తోట. అందుకే నేను ఇప్పుడు ఒక్కొక్క అంకె విడివిడిగా చెప్తాను, సున్న సున్నే అంటాను.


గొలుసుకొలత | చిత్తూరు

తమ్ముడూ మామిడిపూతా, చిత్తూరులో ప్రైవేటుగా సర్వే పనులు చేసుకుంటా ఉంటాను నేను. గొలుసు లాగడంతో మొదలుపెట్టి ఇప్పుడు రోవర్ దాకా, అంటే ఉపగ్రహాలతో కొలిచే సర్వే మిషను దాకా వచ్చినాను. రోవర్ హద్దురాయిని సెంటీమీటర్లలో చెప్తుంది. ఆ అంకె కాగితం ఎక్కేటప్పుడు కిలోమీటర్లు పోతాయి. కాబట్టి నీ పాకాల తోట నాకేం వింత కాదు.

నువ్వు ముందు అర్థం చేసుకోవాల్సింది ఆ తప్పు స్వభావం. డిగ్రీకి 60 నిమిషాలు. 27 నిమిషాలంటే 27ని 60తో భాగించాల, 0.45 వస్తుంది. నీ బాక్సు దాన్ని 0.27 అని చదివింది, అంటే 100తో భాగించింది. 100తో భాగించింది ఎప్పుడూ 60తో భాగించినదానికంటే తక్కువే గదా. మనం ఉండేది భూమధ్యరేఖకి ఉత్తరాన, గ్రీనిచ్‌కి తూర్పున. రెండు అంకెలూ తగ్గినాయంటే పాయింటు దక్షిణానికీ పడమరకీ జరుగుతుంది. ఎప్పుడూ అంతే. ఈ జాతి తప్పు ఏదైనా తోటని నైరుతికే తోస్తుంది, ఈశాన్యానికి పోనే పోదు. వాస్తులో నైరుతి బరువుగా ఉండాలంటారే, నీ మ్యాప్‌లో బరువంతా ఆ మూలకే చేరుతుంది చూసుకో.

ఎంత దూరం జరుగుతుంది? నిమిషాలు సున్నా అయితే ఏమీ జరగదు. 59 అయితే గరిష్ఠం, డిగ్రీలో 0.39, అంటే దక్షిణానికి నలభై మూడు కిలోమీటర్ల దాకా. పడమరకీ ఇంచుమించు అంతే. మనకి కష్టం తెచ్చేది ఇదే. తప్పు పాయింటు సముద్రంలో పడితే ఎవడైనా పట్టేస్తాడు. ఇది పక్క మండలంలో పడుతుంది. తిరుపతి ఊరిని తీసుకో. 13°37′44″, 79°25′09″ కి దగ్గర్లో ఉంటుంది. ఎవడైనా చుక్కలు పెట్టి రాసి, ఎవడైనా ఒక చుక్క పీకేస్తే 13.3744, 79.2509 అవుతుంది. మ్యాప్‌లో పెట్టి చూడు, పెనుమూరుకి తూర్పున పడుతుంది, ముప్ఫై కిలోమీటర్ల పైన తేడా. ఆడ కూడా మామిడి తోటలే! చూసినోడికి అనుమానం ఎందుకొస్తుంది? చిత్తూరు టౌను అయితే 13°13′, 79°06′ చిల్లర, నిమిషాలు చిన్నవి కాబట్టి పది కిలోమీటర్లే జరుగుతుంది. అందుకే చిత్తూరు చుట్టుపక్కల తోటల్లో ఈ తప్పు బయటపడదు, తిరుపతి పక్క బయటపడుతుంది. తిరుపతి వాళ్లు అజాగ్రత్తగా రాస్తారని కాదు దానర్థం.

పాతవాటిని పట్టే దారి అడిగినావు. తోటల లిస్టులో అక్షాంశం కాలమ్ తీసుకోని, చుక్క తర్వాత మొదటి రెండు అంకెలు మాత్రం వేరే కాలమ్‌లోకి తీయి. నిజమైన దశాంశ డిగ్రీలైతే ఆ రెండంకెలు 00 నుంచి 99 దాకా ఏవైనా రావచ్చు. నిమిషాలు వేషం మార్చుకోని వచ్చినవైతే 59 దాటవు. లిస్టంతా ఒకేసారి చూడొద్దు, ఎవరు పంపినారో వాళ్ల పేరున విడగొట్టి చూడు. ఒక ఫీల్డు మనిషి పంపిన వందింటిలో ఒక్కటి కూడా 60 దాటలేదంటే ఆయన మిషను నిమిషాల్లో చూపిస్తా ఉండాది, అంతే. ఒక జాగ్రత్త: ఆయన తిరిగే తోటలన్నీ ఒకే మండలంలో ఉంటే ఈ లెక్క పనికిరాదు. బంగారుపాళ్యం మనిషికి నిజమైన దశాంశాల్లో కూడా ఎప్పుడూ అవే రెండు మూడు అంకెలు వస్తాయి. నాలుగు మండలాలు తిరిగినోడి లిస్టు అయితే ఇట్టే తెలిసిపోతుంది.

ఎక్సెల్ గురించి వేరే చెప్పాల. అది మన శత్రువు, మన స్నేహితుడు కూడా. శత్రువు ఎందుకంటే 79 డిగ్రీల 10 నిమిషాల్ని ఎవరైనా 79.10 అని కొడితే అది ఆఖరి సున్న తినేసి 79.1 అని చూపిస్తుంది. దాన్ని రేపు ఇంకొకరు 79 డిగ్రీల 1 నిమిషం అని చదివితే పదహారు కిలోమీటర్లు పోయినట్టే. కాలమ్‌ని ముందే టెక్స్ట్ అని పెట్టుకోని తర్వాత అంటించు. స్నేహితుడు ఎందుకంటే గంటకీ అరవై నిమిషాలే, డిగ్రీకీ అరవై నిమిషాలే. 13:37:44 అని కోలన్లు పెట్టి కొడితే ఎక్సెల్ దాన్ని టైము అనుకుంటుంది. దాన్ని 24తో గుణించి, ఆ సెల్‌ని మామూలు నంబరుగా మార్చు, 13.6289 వచ్చేస్తుంది. 79:25:09 కూడా పని చేస్తుంది, 24 గంటలు దాటినా దానికి పట్టింపు లేదు. మా ఆఫీసులో పాత రికార్డులు ఎక్కించేది ఇట్లనే, ఫార్ములా మరిచిపోయే సమస్యే లేదు.

కొత్త పిల్లలకి నేను చెప్పే లెక్క ఒకటుంది. మన గడియారం టైము 82.5 డిగ్రీల రేఖ మీద నడుస్తుందని బడిలో చదివినారు గదా. కొందరు పుస్తకాల్లో 82°30′ అని చదివినారు. రెండూ ఒకటే. 82 డిగ్రీల 5 నిమిషాలు కాదు, 82 డిగ్రీల 50 నిమిషాలూ కాదు. ఇది బుర్రకెక్కితే మిగతాదంతా ఎక్కుతుంది.

ఎన్ని అంకెలు ఉంచుకోవాల అనేదీ చెప్పేస్తా. చుక్క తర్వాత ఒకటే అంకె ఉంటే పదకొండు కిలోమీటర్ల మోటు. గాదంకిలో రాడార్ ఉన్న వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది చూడు, వాళ్ల పేపర్లలో 13.5, 79.2 అని రాస్తారు. ఆకాశంలో గాలి కొలిచేదానికి అది చాలు, లారీకి చాలదు. ఐదు అంకెలుంటే మీటరు. ఆరు పెట్టుకో, చాలు. ఫోన్ జీపీఎస్ ఆకాశం తెరిపిగా ఉంటేనే నాలుగైదు మీటర్లు ఇస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. కొన్ని యాప్‌లు పద్నాలుగు అంకెలు చూపిస్తాయి. అణువుని కొలుస్తావా దాంతో?


సెమికోలన్ | తిరుపతి

గొలుసుకొలత అన్న చెప్పినాక డేటా వైపు నేను చెప్పేదేం మిగల్లేదు. కోడ్ వైపు రాస్తాను.

బాక్సు ఒక్కటే పెట్టు. మూడు మూడు ఆరు బాక్సులు పెడితే దశాంశాల్లో చూసేవాళ్లు నిమిషాల బాక్సులో సున్న కొట్టాలో వదిలేయాలో తెలీక ఏదో ఒకటి నింపుతారు. వాట్సాప్ నుంచి అంటించేవాళ్లకి అసలు దారే ఉండదు. ఒక్క బాక్సులో మొత్తం వాక్యం తీసుకోని లోపల ఎన్ని సంఖ్యలు ఉన్నాయో లెక్కపెట్టు. రెండుంటే దశాంశ డిగ్రీలు. నాలుగుంటే డిగ్రీలు, దశాంశ నిమిషాలు. ఆరుంటే డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. మధ్యలో ఏ గుర్తు పెట్టినారో నీకనవసరం. గుర్తుల మీద ఆధారపడితే చచ్చినట్టే. డిగ్రీ సున్న లాగా కనపడేవి యూనికోడ్‌లో మూడు నాలుగు ఉన్నాయి. సెకన్లకి కొందరు డబుల్ కోట్ కొడతారు, కొందరు సింగిల్ కోట్ రెండు సార్లు కొడతారు, ఫోన్ కీబోర్డు దాన్ని వంకర కోట్‌గా మారుస్తుంది. అన్నిటినీ ఖాళీ జాగాగా మార్చెయ్, ఆ తర్వాత సంఖ్యలు ఏరుకో.

13.37.44 లాంటివి ముందే వేరు చెయ్. ఒకే ముక్కలో రెండు చుక్కలుంటే మొదటి చుక్క కచ్చితంగా డిగ్రీ గుర్తే. నువ్వు చేసిన బాక్సు దాన్ని ఒప్పుకోకపోవడమే కొంప ముంచింది, ఒప్పుకోనుంటే వాళ్లు చుక్క పీకేవాళ్లు కాదు.

జీపీఎస్ మాడ్యూల్ నుంచి నేరుగా వచ్చిన ఫైలు ఎవరైనా ఇస్తే 1337.7280, 07925.1520 అని ఉంటుంది. పదమూడు వందల డిగ్రీలేంటని బెదిరిపోవద్దు. చుక్కకి ముందరి రెండంకెలు నిమిషాలు, వాటికి ముందున్నవి డిగ్రీలు. రేఖాంశానికి డిగ్రీలు మూడంకెలు కాబట్టి ముందర సున్న. ఆ సున్నని ఎక్సెల్ తినేసినా ఇబ్బంది లేదు, కుడి నుంచి లెక్కపెడితే సరిపోతుంది.

ఏది ముందు ఏది వెనక అన్న గోల మన దేశంలో సుళువు. ఇండియా అక్షాంశాలు 38 దాటవు, రేఖాంశాలు 68కి తగ్గవు. రెండూ ఎక్కడా కలవవు కాబట్టి పెద్దది రేఖాంశం, చిన్నది అక్షాంశం అనుకోని తిప్పేసుకోవచ్చు. కానీ నువ్వు రాసే కోడ్‌లో తిప్పుడు మాత్రం నీదే బాధ్యత. గూగుల్ మ్యాప్స్‌లో అక్షాంశం ముందు. మ్యాప్ డేటా దాచే ఫైలు రకాలైన జియోజేసన్‌లో, కేఎమ్ఎల్‌లో రేఖాంశం ముందు. ఒకసారి టెస్ట్‌లో చిత్తూరు తోటలన్నీ తిరగబడి నార్వే పైన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడినాయి. మన దేశం 2008లో ఆర్కిటిక్‌లో పెట్టిన హిమాద్రి కేంద్రం ఉంది కదా, దానికి నలభై కిలోమీటర్ల లోపే. తోతాపురి అక్కడ కాస్తే పల్పు ఫ్యాక్టరీకి కోల్డ్ స్టోరేజీ ఖర్చు మిగిలేది.

ఉ, తూ అని రాసినాయన్ని వెక్కిరించకు, అది కూడా తీసుకో. తెలుగు అంకెలు ౧౩ అని కొట్టినా పైథాన్ మామూలు సంఖ్యగానే చదువుతుంది. జావాస్క్రిప్ట్ చదవదు, ముందే మార్చుకోవాల. నిమిషాలుగానీ సెకన్లుగానీ 60, అంతకి మించి వస్తే వెనక్కి పంపు. నువ్వు తిరిగి సెకన్లలో చూపించేటప్పుడు కూడా జాగ్రత్త. 59.99 సెకన్లని గుండ్రం చేస్తే 60 సెకన్లు అని చూపిస్తుంది. దాన్ని నిమిషంలోకి ఎక్కించాల.

దాచేది దశాంశ డిగ్రీల్లో, ఆరు స్థానాలతో. పక్కనే ఇంకో కాలమ్‌లో ఆ మనిషి బాక్సులో కొట్టింది కొట్టినట్టు, అక్షరం మార్చకుండా దాచు. గొలుసుకొలత అన్న చెప్పిన 59 పరీక్ష రేపు ఇంకో రకంగా చేయాల్సి వస్తే ఆ కాలమ్ ఒక్కటే నీకు దిక్కు.

ఇక 13.3744 లాంటిది, అంటే చుక్క తర్వాత సరిగ్గా నాలుగంకెలు, రెండు జతలూ 60కి లోపు, వస్తే అనుమానించాలా? నేను అదీ ఆలోచించినాను. నిజమైన దశాంశాల్లో కూడా అక్షాంశం, రేఖాంశం రెండూ అట్ల కనిపించే అవకాశం ఎనిమిదింటిలో ఒకటి ఉంది. అన్నిసార్లు "ఇది కరెక్టేనా" అని అడిగితే ఫీల్డు వాళ్లు చదవకుండా సరే నొక్కడం నేర్చుకుంటారు. పైగా నీ పాకాల అంకెలో చుక్క తర్వాత ఐదంకెలు ఉన్నాయి, ఈ పరీక్ష దాన్ని పట్టనే పట్టదు.


మామిడిపూత | తిరుపతి

అన్నా, మీ ఇద్దరికీ దండం. 59 పరీక్ష ఇప్పుడే చేసినాను, పంపినవాళ్ల వారీగా. ఇద్దరి లిస్టుల్లో ఒక్కటంటే ఒక్కటి 60 దాటలేదు, మిగిలినవాళ్లవి బాగా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ ఇద్దరి దగ్గరా అదే రకం పాత హ్యాండ్‌హెల్డ్. వాళ్లవన్నీ 60 లెక్కలోకి మారిస్తే తోటలు ఈశాన్యానికి జరిగి వాళ్ల వాళ్ల మండలాల్లో కూర్చున్నాయి.

హద్దుల చెక్‌లో ఒక తిరకాసు వచ్చింది. రేఖాంశం 80 లోపల ఉండాలని పెట్టింటిని. 2022లో జిల్లాలు విడగొట్టినాక సూళ్లూరుపేట, శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకి వచ్చినాయి గదా, అవి 80 దాటి ఉంటాయి. ఆ పక్క సభ్యులు ఇద్దరికి ఫారం పోలేదు. ఇప్పుడు 80.5 చేసినాను.

కానీ సెమికోలన్ అన్న ఆఖరి పేరా చదివినాక అసలు ప్రశ్న అట్లనే మిగిలింది. 13.27412 అని కొత్తగా ఎవరైనా కొడితే? హద్దుల్లోనే ఉంది, అంకెలు సరిపోయినాయి, సంఖ్యలు రెండే. ఏ రూలూ పట్టదు. ఏం చేయాల?


పల్లెబాట | దామలచెరువు

రూలు పట్టకపోతే మనిషి పట్టాల. మీరందరూ అంకెని అంకెతో చెక్ చేస్తున్నారు. నాకు 13.27 చూపించినా 13.45 చూపించినా ఒకటే, నాకు అందులో ఏమీ కనపడదు. నేను కొట్టగానే కింద "కాణిపాకానికి 4 కిలోమీటర్లు" అని చూపించు. పాకాలలో నిలబడి ఉన్న నేను ఆ మాట చదివితే నా అంతట నేనే తప్పు పట్టుకుంటా. మ్యాప్ వద్దు, ఊరి పేరు చాలు. ఊర్ల లిస్టు ఫోన్‌లోనే పెట్టేస్తే సిగ్నల్ కూడా అక్కర్లేదు కదా? పేర్లు తెలుగులో పెట్టు. ఇంగ్లీషు స్పెల్లింగులో మా ఊరిని మేమే గుర్తుపట్టలేం.

ఇంకా మంచిది, ముందే ఏ ఊరి తోటో అడుగు. అంకె వేరే ఊరు చెప్తే అప్పుడు ఎర్రగా చూపించు. అన్నిసార్లూ కాకుండా అప్పుడే అడిగితే మేం చదువుతాం.


సెమికోలన్ | తిరుపతి

అక్కా, నేను రాసిన అరపేజీ కంటే ఇదే పనికొచ్చేది. మామిడిపూతా, ఈ రెండు జిల్లాల ఊర్ల పేర్లు, వాటి మధ్య పాయింట్లు కలిపితే ఫైలు చాలా చిన్నది, యాప్‌లోనే పెట్టేయొచ్చు. ఊరి పాయింటుకి తోట పాయింటుకి ఎనిమిది కిలోమీటర్ల కంటే ఎక్కువ ఉంటే ఆపు. నిమిషాల తప్పు అంతకంటే తక్కువ జరిగేది నిమిషాలు బాగా చిన్నవైనప్పుడే. ఆ కొన్నిటికీ అక్క చెప్పిన ఊరి పేరే దిక్కు.


నీలిచుక్క | బెంగళూరు

సరే ఒప్పుకున్నా, ఫీల్డు సంగతి నాకు తెలీదు. డిజిపిన్ వచ్చింది కదా పోయినేడాది, 2025 మేలో తపాలా శాఖ తెచ్చింది. నాలుగు మీటర్ల గడికి పది అక్షరాల కోడ్. అది తీసుకుంటే ఈ డిగ్రీలు నిమిషాలు గొడవ లేదుగా?


సెమికోలన్ | తిరుపతి

తీసుకోవచ్చు, బాక్సులో ఇంకో రకంగా. అది కూడా అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్క కట్టిందే, తిరిగి మార్చుకోవచ్చు. కానీ పాత రిజిస్టర్లలో ఎవరూ డిజిపిన్ రాసి పెట్టలేదు. ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు అంకెల కంటే ఇంకా కష్టం, అక్కనే అడుగు.


గొలుసుకొలత | చిత్తూరు

పల్లెబాట అమ్మ మాటే నా మాట. ఇంకొక్కటి మిగిలింది. తమ్ముడూ, నీ దగ్గర పాత కాగితం చూసి 13°13′ అని రాసినాయన ఉన్నాడన్నావు. ఆ కాగితం ఏది చూసి తయారైందో అడుగు. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ల (సర్వే మ్యాపుల) నుంచి తీసినదైతే ఫార్మాట్ సరిగ్గా మార్చినా మన ప్రాంతంలో సుమారు రెండు వందల మీటర్లు పక్కకి పడుతుంది. ఆ షీట్లు ఎవరెస్ట్ అనే పాత సర్వేయరు లెక్కగట్టిన భూమి ఆకారం మీద గీసినవి, ఫోన్లు వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. లారీకి రెండు వందల మీటర్లు పెద్ద విషయం కాదు గానీ గట్టు అవతలి తోటలో కాయ దించితే రెండిళ్ల మధ్య గొడవ. అట్లాంటివాటికి ఒక కాలమ్‌లో "టోపో షీటు" అని గుర్తు పెట్టుకో. ఆ కాగితంలో ఉన్న పాయింటు ఒకటి, గుడి గానీ రోడ్డు జంక్షన్ గానీ, ఫోన్ పట్టుకోని అక్కడికే పోయి చూడు. కాగితానికీ ఫోనుకీ ఎంత తేడా వచ్చిందో అదే తేడా చుట్టుపక్కల తోటలన్నిటికీ కలిపేయొచ్చు, ఒక్కో తోటకీ తిరగక్కర్లేదు. షీటు మీద నంబరు ఉంటే ఇక్కడ రాయి, నేను చూసి చెప్తా.